తలుపు వెయ్యి, లైటు వెయ్యి

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ రెండు సున్నాలు చూసి బెదిరిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజుల్లో, వాటికి ధైర్యం చెప్పడానికి మావారిని సింగపూర్ పిలిపించారు. వెంట నేనూ వచ్చాను. గుంటూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినదాన్ని. నేను వరండాలోకి వస్తుంటేనే క్లాసంతా నోరు మూసుకునేది. సెంగ్‌కాంగ్ ఫ్లాట్లో నేను నోరు మూయించగలిగింది ప్రెషర్ కుక్కర్ ఒక్కదాన్నే. ఇప్పుడు నవ్వులాటగా ఉంది గానీ, అప్పుడు ఏడుపొచ్చేది.

అందుకే పై అంతస్తు తెలుగావిడ వచ్చి, "మా పాపకి కరెంటు పాఠం బుర్రకెక్కట్లేదండీ, కాస్త చెప్తారా?" అనగానే ఎగిరి గంతేశాను. పాపతో పాటు మా బ్లాకులోని మరో ముగ్గురు తెలుగు పిల్లలు చేరారు. ఆవిడ మాత్రం ముందే తేల్చేసింది. "స్కూలు టెస్టులో మార్కులు రాకపోతే ట్యూషన్ సెంటర్లో వేసేస్తామండీ, ఏమీ అనుకోకండి." అనుకోకుండా ఎలా ఉంటాను? ఆ నలుగురూ పోతే నేను మళ్ళీ కుక్కర్‌కే లెక్చరర్ని.

మొదటి ఆదివారం బ్యాటరీ, వైరు, టార్చిలైటు బల్బు, స్విచ్చి ముందు పెట్టుకుని మొదలుపెట్టాను. "స్విచ్ క్లోజ్ చేస్తే దారి పూర్తవుతుంది. కరెంటు నడిచి, బల్బులో సన్నటి తీగ వేడెక్కి వెలుగుతుంది. ఓపెన్ చేస్తే దారి తెగి ఆరిపోతుంది."

నలుగురూ నన్ను జాలిగా చూశారు.

"నో లా, ఆంటీ. ఓపెన్ ద లైట్ అంటే ఆన్. క్లోజ్ ద లైట్ అంటే ఆఫ్. ఎవ్రీబడీ నోస్!" అంది పాప, ఆ ఊరివాళ్ళలాగే మాట చివర "లా" తగిలిస్తూ.

ఊరంతా అలాగే అంటుంది మరి. బడిలో, లిఫ్టు దగ్గర, కాఫీ దుకాణంలో అందరూ లైట్లు ఓపెన్ చేసి క్లోజ్ చేసేవాళ్ళే. బొమ్మలు గీశాను, బతిమాలాను, అరిచాను. చివరికి నేనే ఒక చిన్న పరీక్ష పెడితే నలుగురూ ముచ్చటగా ఒకే తప్పు రాశారు. నా ఉద్యోగం ఊడినట్టేననుకున్నాను.

ఇంతలో వాన కమ్ముకొచ్చింది. గది చీకటైంది, తలుపు గాలికి టపటపా కొట్టుకుంటోంది. "ముందు ఆ తలుపు వెయ్యి, తర్వాత లైటు వెయ్యి!" అని పాప మీద కసిరాను. అది తలుపు వేసింది, లైటు వేసింది. నేను ఉన్నచోటే నిలబడిపోయాను.

"ఇప్పుడేం చేశావే?"

"డోర్ క్లోజ్, లైట్ ఆన్."

"తెలుగులో చెప్పు."

"తలుపు వేశాను. లైటు... వేశాను."

"తలుపు తీస్తే?"

"ఓపెన్."

"లైటు తీసేస్తే?"

"ఆఫ్..." అంటూ నోరు తెరిచింది. వెయ్యడమంటే క్లోజ్, తియ్యడమంటే ఓపెన్. తలుపుకైనా సర్క్యూట్‌కైనా అదే మాట. "తెలుగు ఈజ్ కరెక్ట్ లా!" అని గెంతింది. అన్నేళ్ళు పాఠం చెప్పి ఈ ముక్క నాకూ తట్టలేదు.

స్కూలు టెస్టులో నలుగురూ గట్టెక్కారు. కానీ వారం తిరక్కుండా పాప తల్లి మొహం గంటు పెట్టుకుని దిగింది.

"ఏం నేర్పారండీ దీనికి? నిన్న ఎవరో చూసుకోకుండా బాత్‌రూం లైటు తీసేశారు. లోపల సబ్బు మొహంతో వాళ్ళ నాన్న 'లైట్ ఓపెన్ చెయ్' అని ఒకటే కేకలు. ఇదేమో బయట నిలబడి 'ఆల్రెడీ ఓపెన్, డాడీ' అంటోంది!"

మాన్పించేస్తుందనే అనుకున్నాను.

"అందుకని ఈ వారం నుంచి ఆయన్ని కూడా పంపిస్తున్నాను. తండ్రీకూతుళ్ళు ముందు ఒక మాట మీద ఉండాలి గదండీ."

ఆ ఆదివారం పాప నాన్న, అంత పెద్ద సాఫ్ట్‌వేర్ మేనేజరు, పిల్లల పక్కన చాప మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. గుంటూరు వదిలాక మొదటిసారి నేను హాజరు పిలిచాను. తన వంతు రాగానే లేచి నిలబడి, "ప్రెజెంట్, మేడమ్" అన్నాడు. పిల్లలు పగలబడి నవ్వారు. నేను బ్యాటరీ వెతుక్కుంటున్నట్టు కిటికీ వైపు తిరిగి, కళ్ళు తుడుచుకున్నాకే పాఠం మొదలుపెట్టాను.