అన్నయ్య తిన్న అన్నం

ఇన్నేళ్లూ ఇది ఎవరికీ చెప్పలేదు. దాచడం అలవాటైంది కానీ బరువు తగ్గలేదు. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మా అన్నయ్య ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు నడిపేవాడు. కిడ్నీలు పాడయ్యాయి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో డయాలసిస్ మొదలైంది. ఒకరోజు చూడ్డానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని గుసగుసగా అన్నాడు.

"మీ వదిన నాకు కూడెట్టనేదురా. నిన్నట్నుంచీ."

నమ్మాను. ఎందుకంత తేలిగ్గా నమ్మాను? అక్కణ్ణుంచి వదిన ఏం చేసినా అనుమానమే. అన్నయ్య చేతిలోంచి నీళ్లగ్లాసు లాక్కుంది. నీళ్లు ఎక్కువ తాగనివ్వొద్దని డాక్టరు చెప్పిన సంగతి నాకూ తెలుసు, అయినా ఆ లాక్కోవడంలో నాకు కసే కనిపించింది. పక్కింటావిడతో నవ్వితే, మొగుడు మంచాన పడితే ఈ నవ్వేమిటి అనుకున్నాను. చెప్పాపెట్టకుండా వెళ్లి గిన్నెల మూతలు తీసి చూసేవాణ్ణి. ఖాళీగా ఉంటే వండలేదనుకున్నాను. నిండుగా ఉంటే పెట్టలేదనుకున్నాను.

చివరికి నిలదీశాను.

"తిన్నాడు బాబూ. తిన్నట్టు మర్సిపోతన్నాడు. సొక్కా బొత్తాలు ఎట్టుకోడం కూడా రానేదు మొన్న," అంది వదిన.

"మర్సిపోడానికి ముసలోడేటి? బోటు నడిపినోడు!" అన్నాను.

ఎస్టీడీ బూత్ నుంచి ఎలమంచిలిలో వాళ్ల నాన్నకి ఫోన్ చేసి, మీ కూతురు మా అన్నని మాడ్చి చంపుతోందన్నాను. పేట పెద్దల ముందూ అదే అన్నాను. వాళ్ల నాన్న వచ్చి ఆమెను తీసుకుపోయాడు. వదిన ఏడవలేదు. అదీ నాకు సాక్ష్యంలాగే కనిపించింది.

అన్నయ్యని మా ఇంటికి తెచ్చుకున్నాను. మొదటి మధ్యాహ్నం నేనే అన్నం కలిపి ముద్దలు పెట్టాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి నా వైపు దీనంగా చూశాడు.

"ఆకలేత్తందిరా. ఈ ఇంట్లో కూడెట్టరా?"

డయాలసిస్ మీదున్న కొందరికి జ్ఞాపకం, ఆలోచన మందగిస్తాయని తర్వాత డాక్టరు చెప్పాడు. అప్పటికే నాకు తెలిసిపోయింది.

ఆ రోజే వెళ్లి వదినని తీసుకురావాల్సింది. వెళ్లలేదు. పేటలో నా మాట ఏమవుతుంది? ఆమెను పంపేశామన్న సంగతే అన్నయ్యకి గుర్తులేదు. రోజూ గుమ్మం వైపు చూసి, "మీ వదినేదిరా, పూర్ణా మార్కెట్‌కెళ్లిందా?" అని అడిగేవాడు. వస్తుందిలే అనేవాణ్ణి. ఆ వానాకాలంలోనే పోయాడు.

శవం దగ్గరకి వచ్చిన వదిన నన్ను ఒక్కటే అడిగింది.

"ఆకర్న నా గురించేటైనా అన్నాడా బాబూ?"

"ఏటీ అన్లేదు," అన్నాను.

అడిగాడని చెబితే, మరి నన్నెందుకు పిలవలేదంటుంది. అందుకు.

వదిన ఇంకా పుట్టింట్లోనే ఉంది. ఆమెకి చెప్పకుండా మీకు చెప్పడం కూడా తప్పించుకోవడమేనేమో. నా మీద నాకే నమ్మకం లేదు. కానీ ఈ మాట ఇవాళ మొదటిసారి అంటున్నాను: వదిన పెట్టింది. రోజూ పెట్టింది. అన్నయ్య తిన్నాడు.