ఎర్ర రంగును నమ్మొద్దు

కారంపూడిలో బస్సెక్కి రోజూ నరసరావుపేట వెళ్లే నీరజ చేసే ఉద్యోగం ఏమిటో ఆమె అత్త కోటమ్మకు చాలాకాలం అంతుపట్టలేదు. "మోటారు ఎట్టా నొక్కాలో కంప్యూటర్లో రాస్తదంట" అని వాకిట్లో చెప్పేది.

"రాయటానికి ఏముందే అందులో? నొక్కితే తిరుగుద్ది, నొక్కితే ఆగుద్ది!" అని నవ్వేది పక్కింటి రూతమ్మ.

"ఆ రెండు ముక్కలు రాయటానికే జీతమిస్తన్నారు. నీకేంది నొప్పి?"

నీరజ పనిచేసే కంపెనీ పొలం మోటార్లకు సెల్ స్టార్టర్లు తయారు చేస్తుంది. సిమ్ కార్డు వేసిన ఇనప పెట్టె అది. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్లో యాప్ నొక్కితే పొలంలో మోటారు తిరుగుతుంది. మొదట్లో పెట్టెతో పాటు ఇంగ్లిష్ పుస్తకం ఒకటి ఇచ్చేవారు. రైతులు దాన్ని థర్మాకోల్‌తో సహా గట్టు మీద పారేసి కంపెనీకి ఫోన్ చేసేవారు. ఆ ఫోన్లు ఎత్తడానికే నీరజను పెట్టుకున్నారు. వాళ్లు అడిగిందే అడిగేవారు, ఆమె చెప్పిందే చెప్పేది. చివరికి విసుగెత్తి జవాబులన్నీ తెలుగులో రాయడం మొదలుపెట్టింది.

రాసింది మామూలు టెక్స్ట్ ఫైళ్లలో. శీర్షికకు ముందు ఒక హ్యాష్ గుర్తు, ముఖ్యమైన మాటకు అటూ ఇటూ నక్షత్రాలు, ఇంకో పేజీకి దారి చూపాలంటే బ్రాకెట్లో దాని పేరు. అంతకుమించి హంగులేవీ లేవు. ఒక్క ఆదేశం ఇస్తే ప్రోగ్రాం ఆ ఫైళ్లన్నీ చదివి, పేజీలుగా పేర్చి, పక్కన విషయసూచిక తగిలించి, వెబ్‌సైటుగా మార్చి పెడుతుంది. ఇదంతా యూట్యూబ్ చూసి నేర్చుకుంది. ఒక కట్టుబాటు మాత్రం తానే పెట్టింది. ఏ పేజీ అయినా ఇంకో పేజీకి దారి చూపి, తీరా అక్కడ ఆ పేజీ లేకపోతే సైటు అసలు తయారు కాకూడదు. రైతును లేని చోటికి పంపకూడదన్నది ఆమె పంతం. పెట్టె మూత మీద స్కాన్ చేసే స్టిక్కరు వేయించాక మెకానిక్కులు పొలంలోనే ఫోన్ తీసి ఆ పేజీలు చదువుకోవడం మొదలుపెట్టారు.

బొల్లాపల్లి మోటారు మెకానిక్ మీరా సాహెబ్ అలా చదివేవాడే. ఓ రోజు ఫోన్ చేశాడు.

"మీ పెట్టె నన్ను కొట్టిందమ్మాయ్."

"ఏమైంది బాబాయ్?"

"కరెంటు పోయింది. రైతు యాప్‌లో ఆఫ్ నొక్కాడు. ఆగినట్టు ఎర్ర రంగు వచ్చింది, కళ్లారా చూశా. మూత తీసి చెయ్యి పెట్టా. ఇంతలో కరెంటొచ్చి మోటారు గుయ్యిమంది. రెండు వేళ్లు కాలినయ్. వెనక్కి పడ్డా కాబట్టి నేను ఫోన్ చేస్తన్నా. లేకపోతే మా ఆవిడ చేసుండేది."

నీరజ ఆఫీసు బల్ల మీదే పెట్టెకు మోటారు బదులు బల్బు తగిలించింది. ప్లగ్గు పీకి, యాప్‌లో ఆఫ్ నొక్కింది. ఎర్ర రంగు వచ్చింది. ప్లగ్గు మళ్లీ పెట్టింది. బల్బు భగ్గున వెలిగింది.

నొక్కితే ఆగుద్దన్న రూతమ్మ మాట ఇక్కడ చెల్లలేదు. కరెంటు లేనప్పుడు పెట్టె నిద్రలో ఉంటుంది, ఆఫ్ అన్న మాట దానికి చేరదు. యాప్ మాత్రం చేరిందన్నట్టే ఎర్రబడుతుంది. త్రీఫేజు కరెంటు ఎప్పుడొస్తుందో నమ్మకం లేని రైతులు పెట్టెను ఆటో మోడ్‌లోనే ఉంచుతారు కనుక, కరెంటు రాగానే మోటారు దానంతట అదే లేస్తుంది.

ఆ సాయంత్రమే కొత్త ఫైలు తెరిచి, పైన 'ఎర్ర రంగును నమ్మొద్దు' అని శీర్షిక పెట్టింది. కింద రాసింది: "కరెంటు లేనప్పుడు నొక్కిన ఆఫ్ పెట్టెకు చేరదు. ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాకే మూత తీయండి." తర్వాత మిగతా పేజీలన్నీ ఒక్కొక్కటే తెరిచి, బోరు పేజీలో బోరుకు తగ్గట్టు, బావి పేజీలో బావికి తగ్గట్టు ఓ వాక్యం చేర్చి, ఈ కొత్త పేజీకి దారి వేసింది.

యజమాని సుధీర్ బాబు మామూలుగా "ఏమ్మా నీరజా" అని పిలుస్తాడు. మర్నాడు "నీరజ గారూ" అన్నాడు.

"ఆదివారం విజయపురి సౌత్‌లో డీలర్ల మీటింగు. కొత్త మోడల్ పేజీలు సైట్లో ఎక్కించండి. ఆ ఎర్ర రంగు పేజీ తీసేయండి."

"అందులో తప్పుందా సార్?"

"తప్పని ఎవరన్నారు? మన పెట్టె కొడతదని మనమే దండోరా వేసుకుంటామా? యాప్ సరిచేస్తన్నాం గదా."

"సరిచేశాక మాట్లాడదాం సార్."

"ఇదేంది, కారంపూడి పౌరుషమా?"

"మా ఊరినెందుకంటారు సార్? బల్బు ఇంకా బల్ల మీదే ఉంది. దాని బదులు మీ వేళ్లు పెట్టి చూడండి."

సుధీర్ బాబు ముఖం ఎర్రబడింది. "ఉద్యోగం ఉంచుకోవాలని ఉందా?"

"ఉంది సార్. ఇంట్లో పిల్లాడు ఇంటర్‌కొచ్చాడు. అయినా ఆ పేజీ తీయను."

ఆయన యాప్ పని చూసే శ్రీకర్‌ను పిలిచాడు. శ్రీకర్ ఆ ఫైలు తీసేసి సైటు కట్టమని ఆదేశం ఇచ్చాడు. తెర నిండా తప్పులు వరసకట్టాయి. సైటు మాత్రం రాలేదు.

"ఏందిరా ఇది?"

"ప్రతి పేజీ దాన్ని అడుగుతోంది సార్. అది లేకపోతే సైటు కట్టనంటోంది."

"ఆ రూలు తీసెయ్యలేవా?"

"ఒక్క లైను మారిస్తే చాలు సార్." శ్రీకర్ నీరజ వైపు చూశాడు.

"మార్చు శ్రీకర్" అంది నీరజ. "సైటు వస్తుంది. ప్రతి పేజీలోనూ మూత తీసే ముందు ఇది చదవమని ఉంటుంది, నొక్కితే పేజీ లేదని వస్తుంది. దాన్నే పెద్ద తెర మీద డీలర్లకు చూపించండి సార్."

"ఆ వాక్యాలు కూడా పీకెయ్ రా!"

శ్రీకర్ కీబోర్డు మీద నుంచి చేతులు తీశాడు. "మా నాన్న పొలంలోనూ ఇదే పెట్టె సార్. ఎవరు వద్దన్నా మూత తీసే మనిషి ఆయన. నేను పీకలేను."

సుధీర్ బాబు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. శ్రీకర్ ఫైలును ఎక్కడిదక్కడ పెట్టాడు. నీరజ ఆదేశం ఇచ్చింది. కొత్త మోడల్ పేజీలతో సైటు వచ్చింది, ఎర్ర రంగు పేజీ కూడా అందులోనే ఉంది. ఇంటికెళ్లే ముందు యజమాని గది తలుపు తట్టింది.

"పేజీలు ఎక్కాయి సార్, అది కూడా. సోమవారం నుంచి రావొద్దంటే ఇప్పుడే చెప్పండి, బస్సు పాసు కొనుక్కోను."

ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు. నీరజ పాసు కొనుక్కుంది.

మీటింగులో జరిగింది ఆమెకు శ్రీకర్ చెప్పాడు. గురజాల డీలరు పుల్లారావు లేచి నిలబడి, "ఆ ఎర్ర రంగు సంగతి మా మెకానిక్ చదివి చెప్పాడు. నిజమేనా?" అని అడిగాడట. సుధీర్ బాబు ఒక్క గుటక మంచినీళ్లు తాగి, "నిజమే. మా దగ్గర దాపరికాలు లేవు కాబట్టే మేమే రాసి పెట్టాం" అన్నాడట. హాలంతా చప్పట్లు. శ్రీకర్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడట.

ఆ చప్పట్లు మోగాక పేజీ తీయమనే దారి యజమానికి లేకపోయింది. కోపం మాత్రం పోలేదు. నీరజ ఆయనకు ఇప్పటికీ 'నీరజ గారే'.

యాప్ సరిచేశాక ఓ రోజు ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. "నీరజ గారూ, ఇప్పుడన్నా తీస్తారా?"

"కొత్త యాప్ అందరూ ఎక్కించుకున్నారా సార్?"

"ఎక్కించుకుంటారు."

"ఎక్కించుకున్నాక అడగండి."

నీరజ ఆయన ఎదుటే ఆ ఫైలు తెరిచి, చివర ఓ రెండు వాక్యాలు చేర్చి, ఆదేశం ఇచ్చింది: "కొత్త యాప్‌లో ఇది సరిచేశాం. అయినా ఫ్యూజులు పీకాకే మూత తీయండి."