పడవ మోర్ని కారు పరీక్ష

బావు నుంచి కుచింగ్ పట్నం వచ్చే దారిలో మా వ్యాను టైరు పేలింది. డ్రైవరు జాకీ కోసం వెతుక్కుంటుంటే, తోటి ప్రయాణికులు కొబ్బరినీళ్ళ కొట్టు కోసం వెతుక్కుంటున్నారు. నాకు ఒకచోట కాలు నిలవని జబ్బు చిన్నప్పటినుంచీ ఉంది. రోడ్డు పట్టుకుని నడుస్తూ, వచ్చే బండికల్లా చెయ్యెత్తుతూ పోతున్నాను. పదిహేను బండ్లు నన్ను చూసీ చూడనట్టు వెళ్ళిపోయాయి. పదహారోది ఆగింది.

ఆగిన తీరు చెప్పాలి. అల్లంత దూరంలోనే వేగం వదిలేసి, మెల్లగా అంచుకు ఒరుసుకుంటూ వచ్చి, నా మోకాలికి జానెడు ఎడంలో, ఒక్క కుదుపు లేకుండా నిలిచింది. ముందూ వెనకా 'ఎల్' అక్షరం అంటించిన తెల్లటి చిన్న కారు.

"ఎక్కండన్నా. అడుగు చూసి వెయ్యండి, జారుతుంది," అన్నాడు స్టీరింగు దగ్గర కూర్చున్నాయన.

ఆయన పక్కనున్న ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుంది. "ఇదే. సరిగ్గా ఇదే, బాబాయ్. గంటలో పరీక్ష పెట్టుకుని మళ్ళీ ఇదే పని."

"ఆయన చెయ్యెత్తాడమ్మా."

"ఎత్తుతాడు. రోడ్డన్నాక సవాలక్షమంది చేతులెత్తుతారు. అందరికీ ఆపుతావా?"

ఆయన నావైపు చూసి నవ్వాడు. పైపన్ను ఒకటి లేని ఆ నవ్వుని బట్టి పోల్చుకున్నాను, పడవ మోర్ని. ఇరవై రెండేళ్ళుగా ఎరుగుదును, కానీ నేల మీద చూడటం అదే మొదలు. కుచింగ్‌లో ఏటికి ఈ ఒడ్డున బజారు, ఆ ఒడ్డున వాళ్ళ మలయీ పేట. మధ్యలో రేకు కప్పున్న పడవ. ముందు నిలబడి తెడ్డు వేస్తూ, వెనకనున్న ఇంజన్ని ఒక తాడుతో అదిలిస్తూ, రోజుకి ఎన్నిసార్లు దాటించేవాడో ఆయనకే తెలియదు. నేను ఎక్కినప్పుడల్లా ఆ మాటే అనేవాడు, అడుగు చూసి వెయ్యండి, జారుతుంది అని. కారు గుమ్మం జారదని ఆయన నోటికి ఎవరు చెబుతారు?

"ఎక్కించుకోవడానికి రూలు ఒప్పుకోదు సార్," అంది ఆవిడ. పేరు బోంగ్. చీనా మనిషి, నలభై అయిదుంటాయి, పద్దెనిమిదేళ్ళుగా కారు నేర్పుతోంది. "పరీక్ష మైదానం ఆ మలుపులోనే. నడిచి రండి, అక్కడ బస్సు దొరుకుతుంది."

మోర్నికి నన్ను వదిలి కదలడం సుతరామూ ఇష్టం లేదు. కారు అంగుళం అంగుళం చొప్పున పాకుతూ పోయింది, అద్దంలో నన్నే చూసుకుంటూ.

నేను మైదానం చేరేసరికి ఇద్దరూ రేకుల షెడ్డు కింద బల్ల మీద కూర్చుని ఉన్నారు. బస్సుకి ఇంకా వేళ ఉందన్నారు. నిజం చెప్పాలంటే, వచ్చినా నేను ఎక్కేవాణ్ణి కాదు. దారిలో దొరికిన కథను మధ్యలో వదిలి ఊరు చేరినవాడు ఏం బాగుపడ్డాడు?

కథ ఇదీ. మోర్ని భార్య సపియా. పెళ్ళయిన కొత్తలో పడవ ముందుభాగాన కూర్చుని తిరిగిన మనిషి. చెల్లెలింటికి లుండు వెళ్ళాలన్నా, బజారుకి చేపలకు రావాలన్నా ఆయన పడవే. రెండేళ్ళ కిందట మోకాళ్ళు పట్టేశాయి. రేవు మెట్లు దిగలేదు, దిగినా ఊగే పడవలో కాలు పెట్టలేదు. ఊరందరినీ దాటించే మనిషి పెళ్ళాన్ని దాటించలేకపోయాడు. సపియా తమ్ముడు తన పాత ఆటోమేటిక్ కారు తెచ్చి స్తంభాల మీద కట్టిన వాళ్ళ ఇంటి కింద నిలబెట్టి, "నేర్చుకో బావా, అక్కని తిప్పు" అని పోయాడు. ఏడాదిగా ఆ కారు కదల్లేదు. సపియా మాత్రం మధ్యాహ్నం పూట అందులో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంది. సీటు మెత్తగా ఉంటుందిట, మోకాళ్ళకి హాయిట.

"ఇవాళ పొద్దున్నే ఎక్కి కూర్చుంది," అన్నాడు మోర్ని. "ఎందుకే అంటే, నువ్వొచ్చేదాకా దిగనంది. అన్నం పళ్ళెం అక్కడికే తెప్పించుకుంది."

"పాసవ్వకపోతే?" అన్నాను.

"నెలాఖరుకి నా నేర్చుకునే కాయితం గడువు అయిపోతుంది. మళ్ళీ ఆ రాత పరీక్ష నుంచి మొదలు. అది నాలుగోసారికి గట్టెక్కాను, అన్నా. ఈసారి రాయమంటే నావల్ల కాదు."

ఇది మూడో ప్రయత్నం. మొదటిసారి గుట్ట మీద పోయింది. గుట్ట ఎక్కుతూ మధ్యలో పసుపు గీతల నడుమ ఆపి, చేతిబ్రేకు లాగి, మళ్ళీ కదలాలి. మోర్ని ఆపాడు. కానీ బ్రేకు లాగలేదు. కాలి కింద యాక్సిలరేటరుని వెంట్రుకవాసి నొక్కి పెట్టి, ఎదురు ప్రవాహంలో పడవని నిలబెట్టినట్టు, ఏటవాలు మీద కారుని గాలిలో తూచినట్టు నిలబెట్టాడు. వెనక్కి వేలెడు జారలేదు. అధికారి నోరు తెరుచుకుని చూసి, చేతిబ్రేకు గడిలో సున్నా వేశాడు.

రెండోసారి గుట్ట దాటాడు, రోడ్డు మీద పోయింది. బస్టాపులో ఒక ముసలమ్మ అనాసపళ్ళ బుట్టతో చెయ్యెత్తింది. మోర్ని ఆపాడు. ఆపడమే కాదు, దిగి బుట్ట తీసి వెనకసీట్లో పెట్టి, ముసలమ్మకి చెయ్యి అందించాడు. అధికారి ఇంకా సీటుబెల్టుతోనే ఉన్నాడు. ముసలమ్మ ఆయనని చూసి, "మీరెక్కడ దిగుతారు నాయనా?" అనడిగిందిట.

అది విని నేను నవ్వుతుంటే బోంగ్ టీచర్ నా మీద విరుచుకుపడింది. "మీకేం సార్, నవ్వుతారు. పద్దెనిమిదేళ్ళలో ఇటువంటి చెయ్యి నేను చూడలేదు. ఆటోమేటిక్ కారులో నా పిల్లలందరూ పడే తిప్పలు ఒకటే. బ్రేకు మీంచి కాలు తీయగానే అది దానంతటదే ముందుకి పాకుతుంది కదా, అక్కడ బెదిరిపోతారు. బాబాయ్ మొదటిరోజే అన్నాడు, 'ఓహో, దీనికి అడుగున ఏరుంది' అని. అంతే. పార్కింగు గళ్ళో వెన్ను పెట్టి దూర్చడం ఆయన్ని చూసి నేను నేర్చుకున్నాను."

నాకా మాట మనసులో దిగింది. గేర్ల బండి గుర్రం లాంటిది. దాన్ని అదిలించాలి, కళ్ళెం లాగాలి, ప్రతి మెట్టుకీ చెప్పాలి. ఈ గేర్లు లేని బండి ఏ జంతువునీ పోలదు. అడ్డు తీస్తే పోతుంది, అడ్డు పెడితే ఆగుతుంది, అచ్చం నీళ్ళే. చిన్నప్పట్నుంచీ నీళ్ళ మీద పెరిగినవాడికి అది ఇంటి సంగతి. అయినా రేవులో సహరి అనే తోటి పడవవాడు పొద్దస్తమానం ఏడిపించేవాడట. "ఒరేయ్ మోర్నీ, గేర్లు లేని కారు ఆడవాళ్ళ కారురా, లైసెన్సుతోపాటు గాజులు కూడా ఇస్తారేమో కనుక్కో" అని. దానికి మోర్ని, "నీ పడవకి గేర్లెన్నిరా?" అనడిగితే ఆ పూటంతా సహరి ఆలోచిస్తూ కూర్చున్నాడు.

"అంత బాగా నడిపేవాడివి, చెయ్యెత్తిన మనిషిని వదిలేసి పోలేవా?" అన్నాను.

మోర్ని అరచేతులు చూసుకున్నాడు. తెడ్డు కాయలు కాచిన చేతులు. "మా నాన్న ఒకటే చెప్పాడు అన్నా. ఒడ్డున మనిషి నిలబడితే, నీ పడవ ఖాళీగా ఉంటే, వదిలి వెళ్ళకు. ఏరు గుర్తుపెట్టుకుంటుంది అని. నలభై మూడేళ్ళు. నేను ఆపానా, నా కాలు ఆపిందా, నాకే తెలీదు."

టీచర్ కూడా ఆ చేతులనే చూసింది. తర్వాత నెమ్మదిగా అంది. "నన్నొకసారి వదిలేసి వెళ్ళావు, బాబాయ్."

"నేనా? ఎప్పుడూ?"

"నాకు పదేళ్ళు. ఆ ఒడ్డున మా అత్తయ్య ఇంటి నుంచి బడికి రావాలి. పలకసంచీ ఊపి ఊపి పిలిచాను. నువ్వు తిరిగి కూడా చూడలేదు. ఆరోజు బడిలో ఎండలో నిలబెట్టారు."

మోర్ని మొహం పాలిపోయింది. "నిండి ఉంటుందమ్మా. పన్నెండుమంది దాటితే ఎక్కించకూడదు. నిండిన పడవని ఆపితే ఉన్నవాళ్ళకి ప్రమాదం. ఒట్టు, నిండే ఉంటుంది."

"నిండితే ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను, వెనక ఇంకోటి వస్తోందని కేకేసి పోతాను."

"కాలు ఆగదా?"

"నిండాక ఎందుకాగుతుంది?"

ఆవిడ బల్ల మీంచి లేచి నిలబడింది. కళ్ళు మెరుస్తున్నాయి. "మరి ఈ కారులో ఎంతమంది ఎక్కితే నిండినట్టు? పరీక్ష కారులో నువ్వూ ఆఫీసరూ తప్ప మూడోమనిషి ఎక్కకూడదని రూలు. ఆయనొక్కడు ఎక్కితే నీ పడవ నిండిపోయినట్టే కదా, బాబాయ్?"

మోర్ని పెదాలు కదిపాడు. నిండటం అనే సంగతిని ఆయన ఈవైపు నుంచి ఎప్పుడూ చూసినట్టు లేదు. ఇంతలో ఆఫీసు గదిలోంచి ఆయన పేరు పిలిచారు. బయటికొచ్చిన అధికారి పేరు లాయాంగ్. ఇబాన్ తెగ మనిషి. తలుపులోంచి రావడానికి పక్కకి తిరగాల్సొచ్చింది. కారెక్కగానే ఎడమవైపు టైర్లు కొంచెం నొక్కుకుపోయాయి.

మోర్ని కిటికీలోంచి మా వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "ఒక్కడు చాలు."

గుట్ట మీద ఆగాడు. చేతిబ్రేకు లాగాడు. ఆ శబ్దం షెడ్డు దాకా వినిపించింది. టీచర్ లోపల్లోపల ఒకటి అని లెక్కపెట్టింది. వెనక్కి తిప్పి గడిలో పెట్టడం, ఇరుకు సందులో మూడు తిప్పుల్లో మళ్ళించడం, ఇవి చూడ్డానికి తక్కిన పరీక్షవాళ్ళు తమ కార్లు వదిలి గట్టు మీదకి వచ్చి నిలబడ్డారు. తర్వాత గేటు దాటి రోడ్డెక్కాడు. అక్కడి నుంచి మాకు కనబడదు.

ఆ ఇరవై నిమిషాల్లో బోంగ్ టీచర్ రెండు సీసాల చల్లటి సోయాపాలు కొని, రెండూ తనే తాగేసింది. "బస్టాపులో ఎవరూ ఉండకూడదు," అంది. కాసేపాగి, "మార్కెట్టు రోజు కదా, ఎవరో ఒకరు ఉంటారు," అంది. ఇంకాసేపాగి, "అనాసపళ్ళ ముసలమ్మయితే ఇక చెప్పేదేముంది, ఈసారి పేరుపెట్టి పిలుస్తుంది," అంది.

కారు తిరిగొచ్చింది. గీత పక్కన మెత్తగా ఆగింది. లాయాంగ్ దిగి, కాయితాల అట్ట చంకలో పెట్టుకుని, మా దగ్గరికి వచ్చాడు. మొహం చూస్తే ఏమీ అంతుపట్టలేదు.

"టీచర్, మీ శిష్యుడు బస్టాపు దగ్గర ఏం చేశాడో తెలుసా?"

"ఆపాడా?" అంది టీచర్.

"ఆపలేదు. బుట్ట పట్టుకుని ఒకామె చెయ్యెత్తింది. ఈయన వేగం కూడా తగ్గించలేదు. అద్దం దించి, 'నిండిపోయింది అక్కా, వెనక ఇంకోటి వస్తోంది, నీడన కూర్చో' అన్నాడు. ఆవిడ సరేనని కూర్చుంది."

"మార్కులు?"

"రోడ్డు మీంచి చూపు మళ్ళించినందుకు ఒకటి తీశాను. అద్దం దించకూడదని రూలేమైనా ఉందేమోనని వెతికాను. లేదు." ఆయన తన పొట్ట వైపు ఒకసారి చూసుకున్నాడు. "కారులో ఉన్నది నేనొక్కణ్ణి. నిండిపోయింది అన్నాడు. దానికి మార్కులు తీయడానికి నా దగ్గర గడి లేదు."

అప్పటిదాకా బిగబట్టిన నవ్వు ఆయనకి ముందు భుజాల్లో మొదలైంది. తర్వాత పొట్టలోకి దిగింది. టీచర్ బల్ల మీద కూర్చుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా చేతిరుమాలు వెతుక్కుంది. గట్టు మీదివాళ్ళకి సంగతి తెలియకపోయినా వాళ్ళూ నవ్వారు.

మోర్ని మాత్రం నవ్వలేదు. కారు దిగి, తలుపు మెల్లగా వేసి, కప్పు మీద ఒకసారి అరచేత్తో తట్టి వచ్చాడు. లాయాంగ్ ఇచ్చిన కాయితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, మొత్తం చదివాడు. "ఇది పాసయినట్టేనా? ఇంకెక్కడా ఏమీ రాయక్కర్లేదు కదా?"

"రాతలన్నీ అయిపోయాయి. ఎల్లుండి కార్డు ఇస్తారు," అన్నాడు లాయాంగ్.

"ఎల్లుండి నేనూ మీ ఇద్దరితో వస్తాను బాబాయ్," అంది టీచర్. "లుండు దారిలో వంతెన దగ్గర రోడ్డు ఇరుకు, అక్కడ ఎలా పోవాలో చెప్పాలి. వానాకాలం, అద్దాలు తుడిచే మీటా అదీ ఒకసారి చూసుకోవాలి. ముందు ఈ సోయాపాలు తాగు, ఉండు, ఇంకో సీసా తెస్తాను..."

ఆవిడ కొట్టు వైపు తిరిగింది. నేను చేయి కలుపుదామని లేచాను. నా చెయ్యి గాల్లోనే ఉంది. మోర్ని అప్పటికే గేటు దగ్గరున్నాడు. కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద అరచెయ్యి అదిమి పట్టుకుని, ఊగే పడవలో నడిచేవాళ్ళలాగా కాళ్ళు ఎడంగా వేస్తూ, తనకోసం ఎవరో చాలాసేపటి నుంచి కూర్చుని ఉన్నారని తెలిసిన మనిషి నడక నడుస్తూ, పేటకి పోయే అడ్డదారి పట్టాడు. సీసాతో వచ్చిన టీచర్ పిలుద్దామని నోరు తెరిచి, ఊరుకుంది. ఆయన వెనక్కి తిరగలేదు.