దెల్మిరక్క నమ్మలేకపోయిన మనిషి

మా సెర్రో కొండ మీద పార్టీ ఆఫీసంటే దెల్మిరక్క గ్యారేజీయే. ఆవిడకి కారు లేదు, ఎప్పుడూ ఉండలేదు. మాంసం డబ్బాల ఫ్యాక్టరీలో, చలిగదిలో పనిచేసి వేళ్ళు వంకర్లు తిరిగిపోయాయి. ఆ వేళ్ళతోనే ఎండు సొరబుర్రలో, మేం టీలా తాగే మాతే ఆకు నింపి, ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసి, చుట్టూ కూర్చున్నవాళ్ళకి వరసగా అందించేది. అందరికీ ఒకే బుర్ర, ఒకే గొట్టం. అడుగంటా పీల్చి తిరిగివ్వాలి. వదిలేస్తే పోసినవాళ్ళ మొహాన కొట్టినట్టే.

మిలిటరీ పాలనలో పార్టీ సమావేశాలు ఆవిడ వంటింట్లో జరిగేవి. పోలీసులు తలుపు కొడితే, మాతే తాగుతున్నామండీ అనేవాళ్ళు. ఆ గొట్టం మీద మూతి పెట్టినవాళ్ళలో ఒక్కరూ ఇంకొకరి పేరు బయటపెట్టలేదు. ఆవిడ మొగుడు అనిబాల్ జైల్లో పళ్ళు రాలగొట్టించుకున్నాడు గానీ నోరు విప్పలేదు. పార్టీ గెలుపు చూడకుండానే పోయాడు పాపం. అందుకే మనుషుల్ని కొలవడానికి అక్క దగ్గర ఆ బుర్ర తప్ప వేరే కొలత లేదు.

అలాంటి మనిషికి మా లిసాంద్రో నచ్చలేదంటే ఎవరికి మింగుడుపడుతుంది? లిసాంద్రో అంటే ఆ ఏడాది మా పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడ్డవాడు. అందగాడు, మాటకారి. మంగలిషాపులో అతని మాటే, సంతలో అతని మాటే. నేనైతే అతని బొమ్మ నా చేపల బండికి అంటించుకుని తిరిగాను, చేపలకంటే బొమ్మకే గిరాకీ ఎక్కువ.

ఆగస్టులో అతను గ్యారేజీకి వచ్చాడు. అక్క బుర్ర నింపి చేతికిచ్చి అడిగింది: "మూతపడ్డ ఫ్యాక్టరీ స్థలం మా ఇళ్ళకిస్తావా, వ్యాపారులకిస్తావా బాబూ?"

"ముందు మనం గెలవాలి కదమ్మా!" అని నవ్వాడు. గొట్టం పెదాలకి ఆనించాడు, ఫొటోలు తీశారు, బుర్ర బల్లమీద పెట్టి లేచాడు. మేమంతా అతని వెనకే వీధిలోకి పరిగెత్తాం. అక్క కూడా, జవాబు కోసం. కారు వెళ్ళిపోయింది.

"వాడు తాగలేదు," అంది అక్క.

"గొట్టం నోట్లోనే ఉంది కదక్కా, అందరం చూశాం," అన్నాడు మా కార్యదర్శి వాల్తెర్.

"నోట్లో ఉంటే సరా? గొంతు కదల్లేదు. నేనడిగినదానికీ అంతే, నవ్వొచ్చింది, జవాబు రాలేదు."

"ఇన్నేళ్ళకి గెలిచేవాడు దొరికితే కోడిగుడ్డు మీద ఈకలు పీకుతావేంటి? అవతలి పార్టీవాళ్ళు వింటే పండగ చేసుకుంటారు!"

మర్నాడు ఫ్లాస్కు నిబియా చేతిలో ఉంది. ఫ్యాక్టరీ రోజుల నుంచీ అక్కకి ప్రాణస్నేహితురాలు ఆవిడ. "ఇవాళ నేను పోస్తాలే," అంది, అక్క వంక చూడకుండా. బుర్ర అక్క పక్కవాడి దాకా వచ్చి, అక్కని దాటేసి అవతలి మనిషికి వెళ్ళిపోయింది. ఎవరూ తీర్మానం చెయ్యలేదు. గ్యారేజీ ఆవిడది, కుర్చీలు ఆవిడవి, వరసలో చోటు మాత్రం పోయింది.

అయినా రోజూ వచ్చి కూర్చునేది. ఓటు చీటీలు మడిచేది. మా దేశంలో ఓటు చీటీలు జనానికి పార్టీలే పంచాలి, నొప్పెట్టే మోకాళ్ళతోనే కొండెక్కి ఇంటింటికీ లిసాంద్రో చీటీలే పంచింది. బుర్ర దగ్గరికొస్తే అలవాటుగా చెయ్యి లేచేది, మళ్ళీ శాలువా కిందికి పోయేది.

"పొరపాటు పడ్డానని ఒక్క మాటనెయ్యి అక్కా, నీ సొమ్మేం పోతుంది?" అన్నాను ఒకరోజు.

"నాకు మాత్రం మీలా వెర్రెత్తిపోవాలని ఉండదట్రా? మైకులో వాడి పాట వస్తే నాకూ ఒళ్ళు పులకరిస్తుంది. అంతలో కదలని ఆ గొంతు గుర్తొస్తుంది. ఇంట్లో ఒక్కదాన్నే తాగుతుంటే మాతే విషంలా ఉందిరా."

అక్టోబరు చివరి ఆదివారం గెలిచాం! హారన్లు, టపాకాయలు, ఏడుపులు. అందరూ పెద్ద రోడ్డు మీదికి ఉరికారు. నేను జెండా మరిచిపోయి వెనక్కి వస్తే, గ్యారేజీలో ఆ ఇద్దరే ఉన్నారు. నిబియా మొదటి బుర్ర నింపి అక్క ముందు పట్టుకుని నిలబడింది.

"తీసుకోవే."

"నేనేం మాట మార్చుకోలేదు," అంది అక్క.

"మార్చుకోకు. ఆ రోజు మీరందరూ బయటికెళ్తే బల్ల తుడిచింది నేను. బుర్ర నిండా నీళ్ళున్నాయి. వాడు గుక్కెడు కూడా తాగలేదు. ఎవరూ రాకముందే పారబోశాను," అంది నిబియా. "చచ్చేలోగా ఒక్కసారి గెలవాలని ఉండిందే నాకు."

అక్క తిడుతుందనుకున్నాను. కనీసం, చూశావా, నే చెప్పలేదూ అంటుందనుకున్నాను. ఆవిడ మొహం మాత్రం ఆరిపోయింది.

"నేనే సరిగ్గా చూడలేదని, వాడు తాగాడని నువ్వొచ్చి చెబుతావనుకున్నానే," అంది. "ఆ మాట కోసమే రోజూ వచ్చి కూర్చున్నాను."