గుగ్గిలం సీలు

ఆ టేపు చుట్ట పక్కన పెట్టి ఇటొచ్చి కూర్చో. ఇందాకట్నించి పళ్ళతో కొరికి లాగుతున్నావు, నీ పార్శిలు ఎక్కడికీ పోదులే. కాగితం, పెన్ను తీసుకో. నేను చెప్తుంటే రాయి, సరిగ్గా విను. సగం విని సగం నీ సొంతంగా రాసావంటే ఊరుకోను. ఇది మా అమ్మ సంగతి. మీ అమ్మకి అమ్మమ్మ అవుద్ది. ఒక మనిషి మీద నేను కక్ష తీర్చుకున్న సంగతి కూడా ఇదే.

అప్పుడు మేం జగ్గయ్యపేటలో ఉండేవాళ్ళం, ఊరి చివర మా క్రైస్తవుల పేటలో. నాన్న పోయాడు. అమ్మ ఒక షావుకారు దగ్గర పనికి పోయేది. ఆయనకి అరిష్టాల వ్యాపారం. అరిష్టమంటే ఆయుర్వేదం మందు. బెల్లమూ మూలికలూ వేసి పులియబెట్టి తీస్తారు. నీరసానికీ అజీర్తికీ తాగేవాళ్ళు. లోపల పెద్ద హాలు. అక్కడ సీసాల్లో మందు పోసి బిరడాలు కొట్టేవాళ్ళు, లేబుళ్ళు అంటించేవాళ్ళు. ఆ లేబుళ్ళ జిగురు మైదాపిండితో కాచేవాళ్ళు, బొద్దింకలు తినకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేసి. అదంతా కులం ఉన్న ఆడవాళ్ళ పని. మా అమ్మకి ఆ గడప దాటే వీల్లేదు. ఆమె చోటు పెరట్లో రేకుల పాక, పొయ్యి పక్కన. ఆమెది సీలు పని.

సీలు అంటే నీ టేపు లాంటిది కాదు. మూకుట్లో గుగ్గిలం కరిగించి, మైనం వేసి, కాస్త ఆముదం చుక్కలు వేసి, రంగుకి జాజు, అంటే ఎర్రమట్టి, కలుపుతారు. బిరడా కొట్టిన సీసాని తలకిందులుగా పట్టుకుని మూతి అందులో ముంచి, ఒక్క తిప్పు తిప్పి తీసి, నీళ్ళ తొట్లో పెట్టాలి. ఎర్రగా నున్నగా టోపీ పెట్టినట్టు వస్తుంది. చెయ్యి వణికిందా, చుక్క వేలి మీదే. అమ్మ కుడిచేతి వేళ్ళ నిండా మచ్చలే. సీలు వేసిన సీసాలు గుమ్మంలో పెడితే లోపలివాళ్ళు తడిగుడ్డతో తుడిచి తీసుకునేవాళ్ళు. దుమ్ముకి కాదు. ఎందుకు తుడిచేవాళ్ళో నీకు తెలుసు, రాయి, దాచకు.

అసలు ముక్క ఇక్కడుంది, జాగ్రత్తగా విను. గుగ్గిలానికి పెళుసుతనం. మైనానికి మెత్తదనం. చలికాలం మైనం ఎక్కువ వెయ్యకపోతే సీలు పగులుతుంది. ఎండాకాలం అదే పాళ్ళు వేస్తే మెత్తబడి కారిపోతుంది. మా వైపు ఎండలు నీకు తెలుసుగా. అందుకని అమ్మ దగ్గర రాసిపెట్టిన కొలత ఏదీ లేదు. పొద్దున్నే ఒక చుక్క నీళ్ళలో వేసి, గట్టిపడ్డాక తీసి ఎండలో రాయి మీద పెట్టేది. కాసేపయ్యాక గోటితో నొక్కేది. గోరు దిగితే ఇంకో గుప్పెడు గుగ్గిలం. చిట్లితే ఇంకాస్త మైనం. రోజూ అంతే, ఆదివారం తప్ప.

షావుకారుకి ఒక బావమరిది ఉండేవాడు. చిన్నయ్యగారు అనేవాళ్ళం. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, చేసే పని మాత్రం కనపడదు. ఒకసారి హైదరాబాదు నించి సరుకు కొనే పెద్దమనిషి వచ్చాడు. సీసా చేతిలో తిప్పి చూసి అన్నాడు.

"మందు సంగతి ఎలాగున్నా, ఈ సీలు భలే ఉందండి. ఒక్క సీసా కారలేదు. ఎవరు కలుపుతారు ఇది?"

"నేనేనండి. నా సొంత పాళ్ళు. ఎవరికీ చెప్పను," అన్నాడు చిన్నయ్యగారు.

అమ్మ అక్కడే పాకలో పొయ్యి ఊదుతూ ఉంది. నేను బడి నించి వచ్చి ఆమె పక్కన కూర్చున్నా. తల తిప్పలేదు ఆమె. ఊదుతూనే ఉంది.

అబద్ధం చెప్పాక దాన్ని నిలబెట్టుకోవాలిగా. క్రిస్మస్ అయిన వారంలో నన్ను గుమ్మం దగ్గరకి పిలిచాడు. "మిషన్ స్కూల్లో చదువుతున్నావుగా, రాయడం వచ్చుగా. మీ అమ్మ కలిపేది ఎన్ని కొబ్బరిచిప్పలు ఏంటనేది ఒక కాగితం మీద రాసివ్వు. ఆమెకి ఒంట్లో బాగోకపోతే పని ఆగకూడదు కదా. ఆమె పనికి ఏ డోకా లేదులే."

నమ్మా. పదమూడేళ్ళ పిల్లని. ఆవేళ అమ్మ వేసినవన్నీ చూసి, గుగ్గిలం ఇన్ని చిప్పలు, మైనం ఇంత, ఆముదం ఇంత అని గుండ్రటి అక్షరాలతో రాసిచ్చా. చేతిరాత బాగుందన్నాడు కూడా. పదిరోజులు తిరక్కుండా అమ్మని మానిపించాడు. ఎలా మానిపించాడో విను. లేబుళ్ళ ఆడవాళ్ళందరూ వింటుండగా గడప లోపల నిలబడి అన్నాడు.

"మందు సీసా మూతి మీద ఎవరి చెయ్యి పడుతుందో తెలిస్తే కొన్నవాడు నోట్లో పోసుకుంటాడా? రేపట్నించి రావొద్దు."

"ఎనిమిదేళ్ళు పోసుకున్నారుగా అయ్యా," అంది అమ్మ.

అంతే అంది. పొయ్యి ఆర్పి, మూకుడు గీకి శుభ్రం చేసి బోర్లించి మరీ వచ్చింది. నాకు అదే మండింది. ఆ మూకుడు నేనైతే గోడకేసి కొట్టేదాన్ని.

ఆ తరవాత అమ్మ కలుపులకి పోయింది, మిరప కోతలకి పోయింది. నేను మాత్రం ఎండాకాలం కోసం చూసా. పిల్లలు సెలవుల కోసం చూస్తారు, నేను ఎండ కోసం చూసా. మార్చి పోయింది. ఏప్రిల్లో, సీలు మెత్తబడుతోందనేమో, ఒకరోజు చిన్నయ్యగారు బజారులో ఆపాడు నన్ను.

"ఏమే, ఆవేళ రాసిచ్చావే, అంతేనా? ఇంకేమన్నా ఉందా అందులో?"

"అంతేనండి. చూసింది చూసినట్టు రాసా," అన్నా.

అబద్ధమా అది? కాదు. కావాలంటే ఆ కాగితం తీసి చూసుకోమను. కానీ ఆ మాట అంటుంటే నా నాలిక మీద బెల్లం పెట్టినట్టుంది. రాసుకో, అలాగే రాయి.

మే నెలలో తెలిసింది, హైదరాబాదుకి ఒక లారీ నిండా సీసాలు పంపుతున్నారని. అమ్మ కబురు విని చేతిలో కొడవలి కింద పెట్టింది. "వాళ్ళు చలికాలం పాళ్ళే వేస్తుంటారే. ఆ సరుకంతా కారిపోద్ది. నువ్వెళ్ళి చెప్పు. సగం మైనం తగ్గించమను, రాయి మీద పెట్టి చూడమను."

"నీ చెయ్యి పనికిరాదన్నవాడికా?"

"ఆయన కోసం కాదే. ఆ సీలు నాది. కారిందంటే నా పని కారినట్టే. పో."

పోయా. షావుకారు ఇంటి దాకా కాదు. మా చర్చి వెనక వేపచెట్టు నీడలో కూర్చున్నా. పచ్చి వేపకాయలు ఏరి వరసగా పేర్చా, చెరిపా, మళ్ళీ పేర్చా. పోయొచ్చేంత సేపయ్యాక ఇంటికొచ్చి, "చెప్పానమ్మా," అన్నా. ఇది మాత్రం అబద్ధమే. అమ్మతో ఆడా.

లారీ వెళ్ళింది, చిన్నయ్యగారు కూడా ఎక్కాడు. ఎంత దూరమనుకున్నావు, గరికపాడు దాకా. అవతల ఇంకా హైదరాబాదు రాష్ట్రం, ఇవతల మనది. సరిహద్దులో చెక్‌పోస్టు. మన వైపు మద్యనిషేధం రోజులు. లారీలు వరసలో నిలబడాలి. మే నెల ఎండలో, పైన టార్పాలిన్, కింద పులియబెట్టిన మందు. లోపల వేడెక్కి పొంగింది, సీలు లక్కలా కరిగింది, బిరడాలు టపటపా లేచిపోయాయి. లారీ కింద నించి ధార కట్టింది. ఆ వాసనకి చెక్‌పోస్టు వాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

"ఇది సారా కాదు బాబూ, అరిష్టం," అని చిన్నయ్యగారు అంటే, "వాసన మాకు తెలీదా? దిగు," అన్నారంట. పొద్దుగూకే దాకా ఎండలో నిలబెట్టారంట, ఆ ఇస్త్రీ చొక్కా మీద ఎర్ర జాజు మరకలతో. డ్రైవరు వచ్చి చెప్తుంటే మా పేటంతా విన్నది. నేను రెండుసార్లు చెప్పించుకున్నా.

రెండ్రోజులకి షావుకారే మా వాకిట్లోకి వచ్చాడు, వెనక చిన్నయ్యగారు. మా పేటలోకి ఆయన రావడం అదే మొదలు. గొడుగు ముయ్యకుండానే అడిగాడు.

"ఏమ్మా, ఇన్నేళ్ళలో ఎప్పుడూ కారనిది ఇప్పుడెందుకు కారింది?"

"చెప్పి పంపా కదయ్యా, ఎండాకాలం మైనం తగ్గించమని," అంది అమ్మ.

"ఎవరూ రాలేదే," అన్నాడు చిన్నయ్యగారు.

అమ్మ మెల్లిగా నా వైపు తిరిగింది. నేను తల దించలేదు. షావుకారు బావమరిది వైపు తిరిగాడు. "పాళ్ళు నీవేనన్నావు కదరా. మరి ఈమె చెప్పి పంపడమేంటి?"

చిన్నయ్యగారు పెన్ను మూత తీస్తాడు, పెడతాడు.

"పనిలోకి రా అమ్మా," అన్నాడు షావుకారు.

"వస్తానయ్యా. కానీ నన్ను పొమ్మన్న మాట ఆ ఆడవాళ్ళందరి ముందర అన్నారు. సీలు ఎవరిదో కూడా ఆయనే అక్కడ అనాలి."

మర్నాడు చిన్నయ్యగారు అన్నాడు. లేబుళ్ళ జిగురు చేతులతో అందరూ పని ఆపి చూస్తున్నారు. నేను గడప ఇవతల నిలబడ్డా. "ఈ సీలు ఈమెదే. నాది కాదు," అని నేల చూస్తూ గొణిగాడు.

"వినపడలేదండి," అన్నా నేను.

మళ్ళీ అన్నాడు, గట్టిగా. బయటికొస్తూ నా దగ్గర ఆగాడు. "నీకు తెలుసు. అంతేనా అని అడిగితే అంతేనన్నావు."

"మా అమ్మని అడగాల్సిందండి. సీలు ఆమెది కదా," అన్నా.

అమ్మ పొయ్యి రాజేసుకుంది. గడప మాత్రం దాటనివ్వలేదు, అదీ రాయి. కానీ ఆవేళ్టినించీ సీసాలు తుడిచేటప్పుడు ఆ ఆడవాళ్ళు మా అమ్మ మొహం చూడలేకపోయేవాళ్ళు. నాకది చాల్లేదు. ఇప్పటికీ చాల్లేదు.

అమ్మ నన్ను ఆదివారం చర్చికి తీసుకుపోయి మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది. "నాతో అబద్ధమాడావు, ఒకరి సరుకు పాడవుతుంటే చూసావు. క్షమించమని అడుగు," అంది. కళ్ళు మూసుకున్నా. ఆమె పక్కనే ఉంది, నా పెదాలు కదలడం చూస్తోంది. కానీ క్షమించమని అడగలేదే నేను. నేను అడిగిందేంటంటే, ప్రభువా, వచ్చే ఎండాకాలం కూడా ఆ మనిషిని అదే చెక్‌పోస్టు దగ్గర, ఇంకాస్త ఎక్కువ ఎండలో...

ఏంటంట? అన్నం పెట్టేసిందా మీ అమ్మ? వస్తున్నానని చెప్పు. పప్పుచారు చల్లారితే మళ్ళీ నన్నే అంటుంది. ఆ కాగితం మడవకు, నా ప్రార్థన ఇంకా అవలేదు. తిన్నాక మిగతాది రాద్దువు.