ఐదో రబ్బరు

బండ్లకి కరెంటు పని చేసే ఆయన్ని వీధిలో అందరూ అనుమానం మేస్త్రి అంటారు. బిగించిన మరనే మళ్ళీ బిగిస్తాడు. చచ్చిన పామునైనా కర్రతో కదిపి చూసే రకం. ఎవరైనా నవ్వితే, "భయపడేవాడే ఈ పని చెయ్యాలి. ధైర్యవంతులు వేరే పనులు చూసుకోవచ్చు," అంటాడు.

ఆ భయానికి గుర్తు ఆయన ఎడమ అరచేతిలో ఉంది. షెడ్డులో పని నేర్చుకునే రోజుల్లో ఒక వ్యానులో వైరు రేకు అంచుకి రాసుకుని రాసుకుని తొడుగు తెగింది. లోపలి రాగి తీగ రేకుకి తగిలి ఎర్రగా కాలింది. తెలియక దాన్ని పట్టుకుని లాగాడు. మచ్చ ఇప్పటికీ నున్నగా మెరుస్తుంది. అప్పటినుంచి రేకులో ఎక్కడ కన్నం పెట్టినా, దాని అంచుకి రబ్బరు రింగు తొడగనిదే వైరు వదలడు. బండిలో ఎన్ని కన్నాలు పెట్టాలో ముందే చూసుకుని, అన్ని రింగులు లెక్కపెట్టి చొక్కా జేబులో వేసుకుంటాడు. జేబు ఖాళీ అయితే పని అయినట్టు. పాతికేళ్ళుగా ఆ లెక్క తప్పలేదు.

ఆ రోజు పొద్దున పది గంటలకి ఆయన భార్య ఉతకడానికి బట్టలు తీస్తూ, అలవాటుగా జేబులు తడిమింది.

"ఏమండీ, ఇది కావాలా, పారెయ్యనా?"

ఆమె అరచేతిలో నల్లటి రబ్బరు రింగు ఉంది.

మేస్త్రి దాన్ని తీసుకుని చూశాడు. ఆ చొక్కా నిన్నటిది. నిన్న చేసిన పని ఆమె తమ్ముడి వ్యానుది. అందులో ఇప్పుడు వాళ్ళమ్మ ఉంది.

అత్తగారికి ఊపిరితిత్తులు పాడై ఏడాది దాటింది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ముక్కుకి అందించే మిషను రాత్రింబవళ్ళు పక్కన నడవాలి. అది గోడ ప్లగ్గుకి పెట్టే మిషను. ఆరు గంటల దూరంలో ఉన్న పెద్ద ఆస్పత్రికి ఆమెని తీసుకెళ్ళాలంటే బండిలోనే గోడ ప్లగ్గులు ఉండాలి. అందుకని మేస్త్రి రెండు రోజులు కూర్చుని, వ్యాను వెనక సీటు కింద ఇన్వర్టరు పెట్టి, కిటికీ పక్కన ఇంట్లో ఉండేలాంటి ప్లగ్గులు రెండు బిగించాడు. ముందున్న బ్యాటరీ నుంచి వెనక్కి వేలంత లావు వైరు లాగాడు. ఐదు కన్నాలు. ఐదు రింగులు.

చివరి కన్నం డ్రైవరు సీటు కింద. ఉక్కపోతకి అప్పటికే చొక్కా విప్పి అద్దానికి తగిలించాడు. వైరు ముందు దూర్చేసి, రింగు తర్వాత కోసి తొడుగుదాం అనుకున్నాడు. అంతలో బావమరిది వచ్చి, "బావా, నీ అనుమానాలు తీరేలోపు మా అమ్మ నడిచే వెళ్ళిపోయేలా ఉంది. ఒక్కసారి మిషను పెట్టి చూద్దాం," అన్నాడు. పెట్టారు. మిషను గుర్రుమని నడిచింది. కిటికీలోంచి చూస్తున్న అత్తగారు చెయ్యి ఊపింది. ఆ సంతోషంలో మేస్త్రి సామాను సర్దేశాడు. ఒంటిమీద బనియనే ఉంది, తడిమి చూసుకోవడానికి జేబు లేదు.

"ఏమైంది? ముఖం అలా అయిపోయిందేం?" అంది భార్య.

"ఎన్నింటికి బయల్దేరారు?"

"ఎనిమిదిన్నరకి. మీరే కదా కొబ్బరినూనె సీసా మర్చిపోయారని వెనకాల పరిగెత్తారు."

సీసా గుర్తొచ్చింది, రబ్బరు గుర్తు రాలేదు. ఆయన ఆమెకి ఉన్నదున్నట్టు చెప్పాడు. వైరు పూర్తిగా తెగి తగిలితే ఫ్యూజు పోతుంది, మిషను ఆగుతుంది. అది ఒక భయం. తగిలీ తగలకుండా తగిలితే ఫ్యూజుకి తెలియదు, నిప్పురవ్వ లేస్తుంది. ఆక్సిజన్ ఉన్న చోట రవ్వ. ఆ రెండోది నోటితో అనలేదు. ఆమె అర్థం చేసుకుంది.

తమ్ముడు నడిపేటప్పుడు ఫోను తియ్యడు. వెనక కూర్చున్న అతని భార్య మూడోసారికి తీసింది.

"అన్నయ్యగారూ, చెప్పండి. అత్తయ్య పడుకుంది."

"బండి పక్కకి ఆపమనమ్మా. ఇంజను కూడా ఆపెయ్యమను. మిషను మాత్రం నడవనియ్యి."

"ఎందుకండీ? ఇక్కడ అన్నీ రాళ్ళగుట్టలు, ఒక్క ఇల్లు లేదు."

"కాలిన వాసన ఏమైనా వస్తోందా?"

అటువైపు ఆమె గాలి ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. "అత్తయ్య రాసుకున్న తైలం వాసనే," అంది చిన్న గొంతుతో.

బావమరిది ఫోను అందుకున్నాడు. "ఏంటి బావా, ఇంటి దగ్గర తీరని అనుమానం దారిలో తీర్చుకుంటావా?"

"ఒరేయ్, నీ సీటు కింద వైరుకి రబ్బరు వెయ్యలేదు. బండి కదిలితే కోసుకుపోతుంది."

నవ్వు ఆగిపోయింది. "గుడ్డముక్క దూర్చనా?"

"చెయ్యి పెట్టకు. నువ్వు కదిపితే అదే తగలొచ్చు. కదలకుండా కూర్చోండి, వస్తున్నా. మిషను ఆగితే వెంటనే వెంట ఉన్న చిన్న ఆక్సిజన్ సిలిండరుకి మార్చండి."

ఇంజను నడవకపోతే బ్యాటరీ గంటన్నర నిలుస్తుంది. సిలిండరు ఇంకో ముప్పావుగంట. మోటారు సైకిలు మీద అక్కడికి గంటన్నర దారి. మేస్త్రి ఈ లెక్క మనసులో పదిసార్లు వేశాడు. భార్య అడక్కుండానే వెనక ఎక్కింది. దారి పొడుగునా ఒక్క మాట అనలేదు. అయినా ఆయన భుజం మీద ఆమె వేళ్ళు గుచ్చుకుంటూనే ఉన్నాయి. ఎదురుగా ఎక్కడ పొగ కనిపించినా, అది లారీ పొగో, పొలంలో చెత్త మంటో తేలేదాకా ఇద్దరికీ ఊపిరి ఆడలేదు.

వ్యాను మలుపు దగ్గర నిలబడి ఉంది. తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి. మిషను చప్పుడు అప్పటికే నీరసించింది. అత్తగారు దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. కోడలు ఆమె ముక్కు గొట్టాన్ని సిలిండరుకి మార్చింది. ఆ తర్వాతే మేస్త్రి ఇంజను మూత ఎత్తి ఫ్యూజు లాగాడు. మిషను ఆగింది. ఆ నిశ్శబ్దంలో అందరికీ అత్తగారి ఊపిరి వినిపించింది.

సీటు కింద తల పెట్టి, టార్చి వేసి చూశాడు. ఎర్ర తొడుగు కత్తితో గీసినట్టు తెగి ఉంది. లోపల రాగి వెంట్రుకంత మెరుస్తోంది. రేకు అంచుకీ దానికీ మధ్య గోరు మందం ఖాళీ ఉంది.

మొదటి టేపు చుట్ట సరిగ్గా పడక విప్పేశాడు. రెండోసారి గట్టిగా చుట్టి, రింగుని కోసి, అంచుకి తొడిగి, దాని మీద మళ్ళీ టేపు చుట్టాడు. బ్యాటరీ దిగిపోయిన బండిని తోసి ఇంజను అందుకునేలా చేసి, ఫ్యూజు పెట్టి, మిషను నడిచాక బయటికి వచ్చి అత్తగారి ఎదుట నిలబడ్డాడు.

"తప్పు నాదే అత్తయ్యా. ఒక రబ్బరు మర్చిపోయాను."

ఆమె మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంది. "పాతికేళ్ళు... ఏదీ మర్చిపోని మనిషి... అల్లుడంటే మాకు భయంగా ఉండేది బాబూ."

"ఇప్పుడు ధైర్యం వచ్చిందిలే, నువ్వూ మాలాగే మర్చిపోయే మనిషివే అని," అన్నాడు బావమరిది. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

అత్తగారు పక్క సీటు మీద చెయ్యి వేసింది. "ఎక్కండి."

"నేనా?"

"మీరు కాక ఎవరు? మిగిలిన దారి... ఎవరిని నమ్ముకుని పోను?"

మోటారు సైకిలుకి తాళం వేసి చెట్టుకింద వదిలేశారు. పోతే పోయిందంది భార్య. ఇంటి దగ్గర బయల్దేరాక ఆమె ఆయనతో మాట్లాడిన మొదటి మాట అదే. ఆమె తల్లి పక్కన సర్దుకుంది. మేస్త్రి సీటులో కూర్చోలేదు. డ్రైవరు సీటు వెనక నేల మీద చతికిలబడి, చెయ్యి లోపలికి పోనిచ్చి, వైరు మీద ఎడమ అరచెయ్యి ఆనించాడు. మచ్చ ఉన్న చోట వేడి తొందరగా తెలుస్తుంది.

బండి కదిలింది. నాలుగున్నర గంటల దారి ఉంది. ప్రతి గతుకుకీ ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి. వెనక మిషను గుర్రుమంటూనే ఉంది.