కాన్పు గడి

కె.ఆర్.పురంలో పాత మద్రాసు రోడ్డు మీద ఒక టైర్ల దుకాణం ఉండేది. దాని పై అంతస్తులోని సంతాన చికిత్స క్లినిక్‌లో మార్త 1997లో నర్సుగా చేరింది. నంద్యాల మనిషి, అప్పటికే పద్నాలుగేళ్ళుగా నర్సు పనిలో ఉంది. పెళ్ళి చేసుకోలేదు. చేతిరాత గుండ్రంగా ఉంటుందని రిజిస్టరు రాసే పని ఆమెకు అప్పగించారు.

రిజిస్టరులో ఒక్కో వరసకు ఒక్కో స్త్రీ. పేరు, వయసు, గర్భంలో పెట్టిన పిండాలు ఎన్ని, పరీక్షలో ఏం తేలింది, ఏడో వారం స్కానింగులో ఎన్ని గుండెలు కొట్టుకుంటున్నాయి. చివరి గడి పేరు కాన్పు. ఆరేళ్ళలో ఆ గడి నిండింది తక్కువ. క్లినిక్ పని గుండె చప్పుడుతో అయిపోయేది. తర్వాత ఆ స్త్రీ ఇంటి దగ్గరి డాక్టరుకు చూపించుకునేది, ఏడో నెల రాగానే పుట్టింటికి వెళ్ళేది. బెంగుళూరులో రెండేళ్ళు సూదులు పొడిపించుకున్న మనిషైనా సరే, తొలి కాన్పు తల్లి దగ్గరే. దాన్ని ఎవరూ వింతగా చూడలేదు. మార్త కూడా చూడలేదు.

2003లో క్లినిక్ యజమాని డాక్టర్ ఓంకార్ తమ ఫలితాల మీద ఒక పరిశోధన పత్రం రాసి వైద్యుల సదస్సుకు పంపాడు. వాళ్ళు తిప్పి పంపారు. ఎందరికి గర్భం నిలిచిందో కాదు, ఎందరు బిడ్డలు ప్రాణంతో పుట్టారో చెప్పమన్నారు.

"సిస్టర్, ఆ లాస్ట్ కాలమ్ ఫిల్ చెయ్యాలి. అందరికీ ఫోన్లు కొట్టండి. రెండు నెలలు టైముంది" అన్నాడు డాక్టరు.

అప్పటికి మార్త చెల్లెలు ఎస్తేరు నాలుగో నెల గర్భిణి. ఆమె భర్త క్రిస్టోఫర్ బెళ్ళందూరులో స్కూలు టీచరు. మార్త వాళ్ళింట్లోనే ఉండేది. తొమ్మిదేళ్ళు పిల్లల్లేక, చివరికి ఇదే క్లినిక్‌కు వచ్చారు. అప్పట్లో మూడు పిండాలు పెట్టడం మామూలే. కుటుంబాలే అడిగి పెట్టించుకునేవి. "మూడూ పెట్టించుకో, ఒకటన్నా నిలుస్తాది" అని చెల్లెలికి చెప్పింది మార్తే. మూడూ నిలిచాయి. ఒకదాన్ని తగ్గించుకోవచ్చని డాక్టరు మూడో నెలలో చెబితే, ఇంట్లో అందరూ కూర్చుని ప్రార్థన చేసి వద్దనుకున్నారు. మార్త కూడా ఆమెన్ అంది.

ఫోన్లు మొదలయ్యాయి. సగం నంబర్లు పక్కింటివి, కిరాణా కొట్లవి. ఒక్క బిడ్డ పుట్టిన ఇళ్ళు ఉత్సాహంగా పలికాయి. "పాపకు మూడేండ్లు మేడం, ఇదో మాట్లాడండి" అని ఫోను బిడ్డ చెవికి పెట్టేవాళ్ళు. మార్త కాన్పు గడిలో టిక్కు పెట్టేది. పది రోజులు గడిచాక ఆమెకు ఒక సంగతి తట్టింది. గుండె చప్పుళ్ళు మూడు అని రాసి ఉన్న వరసల్లో టిక్కు ఒక్కటీ పడలేదు. అలాంటివి ఇరవై ఏడు. క్లినిక్ పేరు చెప్పగానే కొందరు ఫోను పెట్టేశారు. రాంగ్ నంబరన్నారు కొందరు. ఒకామె ఎవరో పక్కనుంచి పిలిచినట్టుగా ఆగి, "ఇంక చెయ్యద్దండి" అంది, అంతే.

డాక్టరు పెద్దగా పట్టించుకోలేదు. "అన్‌ట్రేస్డ్ అని వెయ్యండి సిస్టర్. తేడా ఏమన్నా వచ్చుంటే ఈపాటికి మన మెట్ల మీద గొడవ చేసేవాళ్ళు కాదా? చప్పుడు లేదంటే హ్యాపీగా ఉన్నట్టే."

మార్తకు ఆ లెక్క నచ్చలేదు. పైగా ఇంట్లో ఎస్తేరు కడుపు ఐదో నెలకే ఎనిమిదో నెల కడుపులా ఉంది.

ఒక ఆదివారం చర్చికి వెళ్ళకుండా మామూలు చీర కట్టుకుని చింతామణి బస్సెక్కింది. ఆ ఇరవై ఏడుగురిలో ఒకామె పుట్టింటి చిరునామా రిజిస్టరులో ఉంది, ఆ ఊరికి. ఇంటి ముందు ముసలామె కందులు చెరుగుతోంది. పేరు చిక్కమ్మ. మార్త తను ఆమె కూతురి స్నేహితురాలినని చెప్పింది.

చిక్కమ్మ చేట ఆపలేదు. "స్నేయితురాలివైతే ఆమె ఆడ మొగుని కాడ ఉండాదని నీకు తెలీదామ్మా?"

 ముసలామె వీధికి అటూ ఇటూ చూసి, "లోపలికి రా. ఆ ఆస్పత్రె దానివే కదా నువ్వు. చేతులు చూస్తానే తెలుస్తాది, సబ్బుకు తెల్లగైనాయి" అంది.

లోపల తలుపు దగ్గరికి వేసి చెప్పింది. "ఏడో నెల పడంగానే కాన్పుకు, బాణంతనానికి పిల్చుకొచ్చినాము. సీమంతం చేసి, ఊరంతా పిల్చి, ఒబ్బట్లు పెట్టినాము. పదో దినం నొప్పులు ఎత్తుకున్నాయి. ముగ్గురు, ఇంతింత." ఆమె అరచెయ్యి తెరిచి చూపించింది. "ఈడ డాక్టరమ్మ, పెద్దూరికి తీసుకోని పోండప్పా, నా దగ్గర మిషన్లు లేవు అనింది. కారు మాట్లాడుకోనొచ్చే లోపల ఇద్దరు పోయినారు. మూడోది బెంగుళూరు దావలో హొసకోట దాకా వచ్చింది."

"మరి మాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఏమని చెప్పేది? సూదులేయించుకోని కన్నాదని ఈడ ఒక పురుగుకన్నా తెలుసునా? దేవుడిచ్చినాడని చెప్పినాము. తీసుకోని పోయింది కూడా దేవుడే అని చెప్పినాము. నువ్వు గమ్మున కాపీ తాగి పో తల్లీ."

తర్వాతి ఆరు ఆదివారాలు మార్త అలాగే తిరిగింది. ములబాగిలు, మదనపల్లె, పలమనేరు, హిందూపురం. ఇరవై ఏడులో పదహారు ఇళ్ళు దొరికాయి. ముగ్గురూ బతికిన ఇళ్ళు రెండు. ఒక్కరూ మిగలనివి తొమ్మిది. పోగొట్టుకున్న అందరిదీ ఒకటే కథ: ఏడో నెల ప్రయాణం, సీమంతం, రోజుల్లోనే నొప్పులు, మిషన్లు లేని ఊరు. ప్రతి ఇల్లూ తమకొక్కరికే అలా జరిగిందని అనుకుంటోంది.

ఆ కాగితం డాక్టరు టేబులు మీద పెట్టింది. ఆయన వరసగా చదివి, "పల్లెల్లో కాన్పు చెడితే మన ట్రీట్‌మెంట్ ఫెయిలైనట్టా?" అన్నాడు.  సదస్సుకు వెళ్ళిన పత్రంలో ఆ పదహారు ఇళ్ళూ లేవు. కానీ ఆ వారం నుంచి క్లినిక్‌లో రెండు పిండాలే పెట్టడం మొదలైంది. కారణం ఎవరికీ చెప్పలేదు.

ఎస్తేరుకు ఏడో నెల వచ్చింది. నంద్యాల నుంచి తల్లి హెప్సిబా దిగింది, వెంట బస్సు టికెట్లతో.

"ఎల్లుండి పొద్దున బస్సు" అంది చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ.

"ఎస్తేరు రాదమ్మా. కాన్పు ఈడే" అంది మార్త.

"ఏందే నీ సోద్యం? తొలి కాన్పు తల్లి చెయ్యకపోతే మా సంఘంలో నేను తలెత్తుకుని తిరగాల్నా? పాస్టరమ్మ అప్పుడే ఉయ్యాల కూడా ఇస్తాననింది."

"ఉయ్యాల ఏడికీ పోదు."

"నంద్యాలలో ఆస్పత్రులు లేవా? నిన్నేమన్నా గొడ్ల కొట్టంలో కన్నానా?"

"నన్ను కన్నప్పుడు కడుపులో నేనొక్కదాన్నే కదమ్మా."

మంచం మీద ఒక పక్కకు తిరిగి పడుకున్న ఎస్తేరు, "అక్కా, ఆదివారాలు ఏడికి పోయి వస్తాండావు నువ్వు?" అని అడిగింది. మార్త బస్సు కుదుపులు మంచివి కావని చెప్పి వంటింట్లోకి వెళ్ళింది.

క్రిస్టోఫర్ వెనకే వచ్చాడు. గొంతు తగ్గించి, "వదినా, నాకన్నా చెప్పండి" అన్నాడు.

"పదహారు ఇండ్లకు పోయినా క్రిస్టోఫరూ. రెండిండ్లలోనే ముగ్గురూ ఉండారు."

అతను అత్తగారి చేతిసంచిలోంచి టికెట్లు తీసుకుని, వాపసు ఇవ్వడానికి సైకిలెక్కి బస్టాండుకు వెళ్ళాడు. హెప్సిబా ఆ రోజంతా అన్నం ముట్టలేదు. కానీ ఊరికీ వెళ్ళలేదు.

మార్త బెంగుళూరులోనే ఒక పెద్ద ఆసుపత్రిలో ముందుగానే మాట్లాడి పెట్టింది. నెల తక్కువ బిడ్డలకు ఊపిరి ఆడించే యంత్రాలు అక్కడ ఉన్నాయి. మూడు కావాలని పేరు కూడా రాయించింది. ముప్ఫయ్యో వారంలో, ఒక మంగళవారం పొద్దున ఎస్తేరు స్నానానికి లేచినప్పుడు ఉమ్మనీరు పోయింది. గంటలో ఆసుపత్రిలో ఉన్నారు. మధ్యాహ్నం కాకముందే ఆపరేషన్ చేశారు. ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల.

పిల్లల వార్డు నర్సు బయటికొచ్చింది. "సిస్టర్, మొన్న రాత్రి ఇంకో కేసు వచ్చింది. మిషన్లు రెండే ఖాళీ. మగబిడ్డలు ముందొచ్చినారు, వాళ్ళను పెట్టేసినాము. పాపను ఇంకో ఆస్పత్రికి తీసుకుపోవాల. ఆంబులెన్స్ కింద ఉంది."

క్రిస్టోఫర్ ఎస్తేరు దగ్గర ఉండిపోయాడు. ఆంబులెన్సులో పాపను పట్టుకుని మార్త కూర్చుంది, ఎదురుగా హెప్సిబా. పాప మూతి మీద చిన్న మాస్కు, దానికి రబ్బరు సంచి. రెండు వేళ్ళతో ఆ సంచిని నొక్కుతుంటేనే పాపకు ఊపిరి. టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గర లారీలు కదలకుండా నిలబడ్డాయి. డ్రైవరు సైరన్ మోగిస్తూనే ఉన్నాడు, ముందున్న లారీవాడు దిగి వచ్చి ఏం చెయ్యమంటావన్నట్టు చేతులు చూపించాడు. మార్త నొక్కుతూనే ఉంది. తల్లి వైపు చూడలేదు. పాప పెదవులు రెండుసార్లు నీలంగా మారి మళ్ళీ తేరుకున్నాయి.

రెండో ఆసుపత్రికి చేరేసరికి యాభై నిమిషాలు పట్టింది. గాజు తలుపు దగ్గర కుర్ర డాక్టరు పాపను అందుకుని తూకం వేశాడు. తొమ్మిది వందల గ్రాములు. కాలికి కట్టే పట్టీ మీద 'ఎస్తేరు బిడ్డ, మూడు' అని రాయబోయాడు.

"నిలబడు నాయనా" అని హెప్సిబా అతని చెయ్యి పట్టుకుంది. "పేరు లేకుండా లోపలికి తీసుకుపోవద్దు."

"పేరు తర్వాత పెట్టుకోవచ్చమ్మా, టైము లేదు."

"ఇప్పుడే రాయి. హెప్సిబా అని రాయి. నా పేరే."

డాక్టరు మార్త వైపు చూశాడు. ఇరవై ఏళ్ళ నర్సు ఉద్యోగంలో, బిడ్డకు పేరు పెట్టడానికి ఇంత తొందరపడిన అమ్మమ్మలను మార్త కొందరిని చూసింది. బిడ్డ దక్కకపోతే పేరు లేకుండా పోకూడదని ఆ తొందర, అది ఆమెకు తెలుసు.

"రాయండి సార్" అంది.

అతను రాసి, పట్టీ కట్టి, పాపను లోపలికి తీసుకెళ్ళాడు. తల్లీకూతుళ్ళు అక్కడే నిలబడ్డారు.